రెండు పేజీలు తిప్పిన ఆవిడ

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ విసుగే. మా నాన్న ఫిజిక్స్ లెక్చరరు. చీకట్లో చప్పుడైతే టార్చి చేతికిచ్చి చూసి రమ్మనేవారు. వెళ్ళిన ప్రతిసారీ పిల్లో, ఊడిన కిటికీ రెక్కో కనబడేది. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు వెనకాడాను.

నేను పియానో కచేరీలు చేస్తాను. అమెరికాలో ఈ కాలంవాళ్ళు రాస్తున్న సంగీతమే వాయిస్తాను. ఫ్రీమాంట్‌లో మనవాళ్ళ ఇళ్ళకు వెళితే "ఏదైనా సినిమా పాట వాయించమ్మా" అంటారు. నేను వాయించేవాటిలో పాటలాంటిది దొరకడం కష్టం. కొన్నిచోట్ల లేచి నిలబడి, పైకెత్తి నిలిపిన పియానో మూత కిందికి రెండు చేతులూ పోనిచ్చి, లోపలి తీగల్ని వేళ్ళతో మీటాలి.

అది 2011. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, ఒక చర్చి హాల్లో కచేరీ. అంతకుముందు ఎవరూ వాయించని కొత్త రచన. రాసినాయన ముందు వరసలో కూర్చుంటాడు. మూడు రోజులుగా నాకు అన్నం సయించలేదు.

వాయిస్తుంటే చేతులు ఖాళీ ఉండవు కాబట్టి, పక్కన కూర్చుని స్వరాల కాగితాల పేజీలు తిప్పడానికి మార్గరెట్ అనే రిటైర్డ్ టీచర్ వస్తుందని నిర్వాహకురాలు లిండా చెప్పింది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. మూడు కావస్తున్నా జాడ లేదు. పక్క గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను.

తీరా స్టేజి మీదికి వెళ్ళేసరికి, పియానో దగ్గర ఎడమ పక్క కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. ఊదారంగు స్వెటర్, జుట్టు ముడి. హమ్మయ్య అనుకుని తలూపాను. ఆవిడా ఊపింది.

బాగా తిప్పింది. చప్పుడు లేకుండా లేచి, సరిగ్గా సమయానికి. సగం అయ్యాక ఒకచోట మాత్రం రెండు కాగితాలు కలిపి తిప్పేసింది. నేను లేచి తీగలు మీటాల్సిన భాగమంతా ఎగిరిపోయింది.

ఒళ్ళు మండిపోయింది. కుడి చేత్తో వాయిస్తూనే, ఎడమ చెయ్యి చాపి కాగితం వెనక్కి తిప్పబోయాను. ఆవిడ దానిమీద అరచెయ్యి ఆనించి నొక్కిపట్టింది.

"రెండు తిప్పేశారు!" అని పళ్ళ బిగువున తెలుగులోనే అనేశాను. ఆవిడ చెయ్యి తియ్యలేదు. చేసేది లేక, ఎదురుగా ఉన్న పేజీ నుంచే వాయించాను.

పది సెకన్లు అయ్యాయో లేదో, మూతకు ఊతంగా పెట్టిన కర్ర జారిపోయింది. అంత బరువైన మూత దభీమని పడింది. హాలంతా ఒక్కసారి లేచి నిలబడింది. నా చేతులు మీటల మీద ఉన్నాయి. రాసినదాని ప్రకారమైతే అవి మూత కింద ఉండాలి.

మా ఆయన శ్రీధర్ వీడియో తీస్తున్న కెమెరా వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. నా వేళ్ళు ఒక్కొక్కటీ పట్టి చూశాడు. నేను పక్కకు తిరిగితే కుర్చీ ఖాళీ.

"ఆవిడేది?"

"ఎవరు?"

"పేజీలు తిప్పినావిడ."

"నీ పక్కన ఎవరూ కూసోలేదు కదా. నువ్వే తిప్పుకుంటున్నవ్ అనుకున్న."

లిండా కూడా అదే అంది. నేను స్టేజి ఎక్కాక మార్గరెట్ ఫోన్ చేసిందట, ఫ్రీవే మీద ఇరుక్కుపోయానని. నాలుగింటికి ఆ మార్గరెట్ వచ్చి క్షమాపణ చెప్పుకుంది. పొడుగ్గా, పొట్టి జుట్టుతో ఉంది. ఆమె రాకముందే, రాసినాయన నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు: "ఆ తీగల భాగం ఎందుకు వదిలేశారు?"

ఆ వారమే వీడియో చూశాం. మామూలుగా పేజీలు తిరిగే సమయాల్లో నేను కాగితాలకు అడ్డంగా ముందుకు వంగి ఉన్నాను. ఎవరు తిప్పారో తెలియదు. కంగారులో నేనే తిప్పుకుని ఉంటానని శ్రీధర్ అంటాడు. నేనూ అదే నమ్మాలని చూశాను.

కానీ ఒకచోట కెమెరా కాస్త పక్కకు జరిగింది. కుర్చీ పూర్తిగా కనబడుతుంది, ఖాళీగా. నేను దానివైపు తిరిగి కోపంగా ఏదో అంటున్నాను. నా ఎడమ చెయ్యి కాగితం అంచు పట్టుకుని లాగుతోంది. పల్చటి కాగితం. అంచు వంగుతోంది, మడతపడుతోంది. తిరగడం లేదు.