ఎవరికి తోస్తోంది?

మా తాతయ్య కనమారు తోకుజి నోటి నుంచి సూటైన మాట మొన్న ఫిబ్రవరి దాకా నేను వినలేదు. మిసో చారులో ఉప్పు చాలకపోతే, "ఉప్పు కాస్త తగ్గి ఉండవచ్చునేమో అనిపించకపోదు" అంటాడు. ఆ వాక్యం పూర్తయ్యేలోపు నేను నా గిన్నె ఖాళీ చేసి, ఆయన గిన్నె వైపు చూస్తుంటాను.

ఈ జబ్బు ఉద్యోగంతో అంటుకుంది. హకొదాతె రేవు పక్కన ఒక పరిశోధనశాలలో ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు గుమాస్తా. అక్కడివాళ్ళు తంటాలు పడి రాసిన ఇంగ్లీషు వ్యాసాలను దిద్ది టైపు చేసేవాడు. పరాయి దేశపు పత్రికల్లో పనికొచ్చే వాక్యం కనబడితే అట్టముక్క మీద రాసి దాచేవాడు. అలా నాలుగు బిస్కెట్ డబ్బాలు నిండాయి. వ్యాసం మొదలుపెట్టే మాటలు ఒక డబ్బాలో, ఎదుటివాడి తప్పును మర్యాదగా ఎత్తిచూపేవి ఇంకోదాంట్లో, ముగింపువి మూడోదాంట్లో. నాలుగో డబ్బా నిండా ఒకటే రాగం: 'అని తలచబడుతోంది', 'అయి ఉండవచ్చునని తోస్తోంది'. ఎక్కువగా అరిగిన అట్టలు అవే.

రిటైరయ్యాక కూడా విద్యార్థులు కాగితాలు పట్టుకుని మా మెట్లెక్కేవారు. తాతయ్యకు కళ్ళు మసకబారాయి, మణికట్టు లాగుతుంది. అయినా కాదనలేడు. కాదనాలంటే సూటిగా చెప్పాలి కదా.

నేనా, హైస్కూలు మధ్యలో మానేసి, తినే సముద్రపు నాచు ఎండబెట్టే షెడ్డులో చేరినదాన్ని. ఆ డబ్బాల్లో నిజంగా బిస్కెట్లే ఉంటే ఎంత బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

నిరుడు ఎండాకాలంలో హినాకో అనే అమ్మాయి వచ్చింది. మూడేళ్ళపాటు, చలికాలమంతా మోచేతుల దాకా చన్నీళ్ళలో ముంచి సముద్రపు నాచు మొలకలు లెక్కపెట్టింది. నీళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, మొలకల్లో సగం చచ్చిపోతాయని తేల్చింది. ఆ వ్యాసం పత్రికలో పడితేనే మార్చిలో ఆమెకు డాక్టరేటు. పడకపోతే గడువు దాటినట్టే, చదువు వదిలేసి ఇంటికి పోవాలి. తాతయ్య దిద్దిన ఆ వ్యాసం రెండుసార్లు తిరిగొచ్చింది. చలికాలం మొదట్లో రెండోసారి వచ్చినప్పుడు, దాన్ని పరీక్షించిన ఎవరో పెద్దమనిషి పదకొండు చోట్ల 'తలచబడుతోంది' పక్కన ఒకే ప్రశ్న రాశాడు: 'ఎవరు తలుస్తున్నారు?' ఇంకొక్కసారి మాత్రమే చూస్తామని కింద ఉంది.

"తప్పు నాదే అయి ఉంటుంది మాస్టారూ," అంది హినాకో తల వంచుకుని.

"నాది కూడా కొంత ఉండి ఉండవచ్చు," అన్నాడు తాతయ్య.

ఇద్దరికీ ఒకే జబ్బు. ఇలా వదిలేస్తే మార్చి దాటిపోతుంది. టీ పెట్టి నేనూ కూర్చున్నాను.

"హినాకో అక్కా, మొలకలు చచ్చిపోయాయా, చచ్చిపోయినట్టు తోచిందా?"

"చచ్చిపోయాయి. నేనే లెక్కపెట్టాను."

"మరి అదే రాయి తాతయ్యా. నాచు కుళ్ళితే మా మేస్త్రి కుళ్ళిందనే అంటాడు. కుళ్ళినట్టు తలచబడుతోంది అనడు."

తాతయ్య టీ కప్పు అటూ ఇటూ తిప్పాడు. "మేం కనుక్కున్నాం అని రాస్తే," అన్నాడు, "ముందు పనిచేసిన వాళ్ళందర్నీ తోసుకుని వరసలో ముందు నిలబడినట్టుంటుందే."

"నిలబడనీ. మూడేళ్ళు చలిలో నిలబడింది కదా."

పదకొండు చోట్లు దిద్దడానికి ఆయనకు మూడు రోజులు పట్టింది. ఒక్కో చోట పాత మాట కొట్టేసి, కలం కింద పెట్టి, మణికట్టు నొక్కుకుని, మళ్ళీ తీసేవాడు. పది చోట్ల 'మేం కనుగొన్నాం', 'మేం చూశాం' అని పడింది. పదకొండోదాన్ని కొట్టేయలేదు. లోతు నీళ్ళలో ఏమవుతుందో చెప్పే చోటు అది.

"అక్కడ ఆ అమ్మాయి లెక్కపెట్టినట్టు లేదు," అన్నాడు. "నిజంగా తెలియని చోట ఈ మాట ఉండటమే మంచిదేమో." ఆ వాక్యం కింద, అలా తలచేది తామేనని మాత్రం చేర్చాడు.

ఫిబ్రవరిలో, వ్యాసం వేసుకుంటామని పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. పదకొండో చోటు గురించి పరీక్షకుడు ఏమీ అనలేదు. హినాకో వచ్చి, నేలకు నుదురు ఆనేలా వంగి వెళ్ళింది. ఆమె మెట్లు దిగే చప్పుడు ఆగాక తాతయ్య నాలుగో డబ్బా మూత మూశాడు.

"సంతోషమేనా తాతయ్యా?"

"సంతోషంగానే ఉన్నట్టు తోస్తోంది."

"ఎవరికి తోస్తోంది?"

ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "నాకే," అన్నాడు. "అలసిపోయాను."

ఆ మాటకు ముందూ వెనకా ఏమీ తగిలించలేదు. నేను ఇంకేమీ ఆటపట్టించకుండా ఆయనకు పరుపు పరిచాను.