బూట్లు విప్పమన్నారు

నా కుడికాలి అయిదు వేళ్లూ కార్గిల్‌లోనే పోయాయి. తూటా తగిలి కాదు, మంచుకి. ఇరవై మూడేళ్ల వయసులో కొండ మీద తడి బూట్లతో నాలుగు రోజులు కాపలా ఉంటే వేళ్లు నల్లబడ్డాయి, ఆస్పత్రిలో తీసేశారు. ఇంటికొచ్చాక రాజమండ్రిలో చెప్పులు కుట్టే ఒకాయన నా బూటు ముందు భాగంలో రబ్బరు ముక్క కోసి అమర్చాడు. అది తొడుక్కుంటే నేను మామూలు మనిషిని. విప్పితే దేన్నయినా పట్టుకుని నిలబడాలి.

యుద్ధం అయిన నాలుగైదేళ్లకి, ఆగస్టు పదిహేనున మా ఊరి హైస్కూల్లో మాజీ సైనికుడిగా సన్మానం చేస్తామన్నారు. శాలువా సంగతి ఎలా ఉన్నా, జెండా ముందు నిలబడి సెల్యూట్ చేస్తానని అడిగాను. "అంతకన్నానా అండి" అన్నారు హెడ్మాస్టరు గారు. తెల్లచొక్కాకి మెడల్ పెట్టుకుని, బూట్లకి రెండుసార్లు పాలిష్ పట్టి వెళ్లాను.

మా ఊళ్లో జెండా గద్దె గుడితో సమానం. చుట్టూ ముగ్గు వేస్తారు, కొబ్బరికాయ కొడతారు, చెప్పులు బయటే విడుస్తారు. చిన్నప్పుడు నేనూ విడిచినవాణ్ణే. పటాలంలో మాత్రం బూట్లు లేకుండా జెండా ముందుకి రావడమే తప్పు. అక్కడ ఉన్నన్నాళ్లూ నాకదే అలవాటైపోయింది.

ముగ్గు దాటబోతుంటే ఊరి ప్రెసిడెంటు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"బూట్లండి. జెండా దగ్గరికి అలా వచ్చేస్తారేంటండి?"

"ఇవి లేకపోతే నిలబడలేనండి."

"రెండు నిమిషాలకి ఏమవుద్దండి? మిలట్రీలో చేసిన మీరే మర్యాద ఇవ్వకపోతే పిల్లలేం నేర్చుకుంటారు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. జెండాకి మర్యాద ఎలా ఇవ్వాలో ఈయన నాకు నేర్పుతున్నాడు. అక్కడే మెట్టు మీద కూర్చుని బూటు విప్పి, మేజోడు లాగి, పాదం చూపించాను. ముందు వరసలో పిల్లలు తలలు తిప్పుకున్నారు.

"అయ్యో, ముందే చెప్పలేదేంటండి. పాపం, ఆయనకో కుర్చీ వెయ్యండి" అన్నారు ప్రెసిడెంటు గారు.

చెప్పాను, వినలేదు. పైగా పాపమట. కుర్చీ తెచ్చి కూర్చోబెట్టారు. ప్రెసిడెంటు గారు ఇంకో రెండు స్కూళ్లకి వెళ్లాలి కాబట్టి, నేను బూటు తొడుక్కునేలోపే జెండా తాడు లాగేశారు. జనగణమన మొదలైంది. కుర్చీ వీపు ఎడమచేత్తో పట్టుకుని లేచి, ఒంటిబూటుతో ఊగుతూ సెల్యూట్ చేశాను. గుండ్లు పడుతున్నప్పుడు కూడా నేనలా ఊగలేదు. తర్వాత కప్పిన శాలువా ఏ రంగుదో చూడనైనా లేదు.

మరుసటేడు హెడ్మాస్టరు గారు మళ్లీ మా ఇంటికొచ్చారు.

"బూట్లతోనే నిలబడతానండి. సరేనంటే వస్తాను" అన్నాను.

ప్రెసిడెంటు గారిని కనుక్కుని కబురు పంపుతానని వెళ్లారు. కబురు రాలేదు.

ఆగస్టు పదిహేనున పొద్దున్నే బూట్లు తొడుక్కుని అరుగు మీద కూర్చున్నాను. స్కూలు మైకులో జనగణమన వినపడగానే వాకిట్లోకి దిగి సెల్యూట్ చేశాను. దేన్నీ పట్టుకోలేదు.