గోడ మీది చేతులు

మామగారికి ఒకటే పిచ్చి. మనిషి కనబడితే చాలు, చెయ్యి అడుగుతారు.

కొత్త కోడలు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అడిగారు: "ఏదమ్మా, ఆ కుడిచెయ్యి ఇలా పెట్టు!"

ఆయనకు కెమెరాతో పనిలేదు. ఎండ తగిలితే నీలమయ్యే మందు పూసిన కాగితం మీద చెయ్యి ఆనించి, ఎండలో కూర్చోబెడతారు. "కదిలావో, దయ్యం వేళ్ళు వస్తాయి!" అని బెదిరిస్తారు. తర్వాత కాగితాన్ని నీళ్ళలో జాడిస్తే, ముదురు నీలంలో తెల్లగా అయిదు వేళ్ళు తేలతాయి. ఆయన ధాటికి పాలవాడు చేతులు వెనక్కి కట్టుకుని మాట్లాడేవాడు. పోస్టుమాన్ ఉత్తరాలు కిటికీలోంచి విసిరి ఉడాయించేవాడు.

మేడమీద గది గోడల నిండా చేతులే. నీళ్ళ అడుగున మునిగినవాళ్ళు పైకి చాచినట్టు ఉన్నాయి. కోడలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"వీళ్ళలో సగంమంది ఇప్పుడు లేరమ్మా!" అన్నారు మామగారు, పెళ్ళి ఆల్బం చూపిస్తున్నంత హుషారుగా.

ఒక మధ్యాహ్నం ఆమె ఆరిన బట్టలు తేవడానికి మేడెక్కింది. మూసివున్న ఆ గదిలోంచి ఆడగొంతు వినబడింది.

"కూర మాడిపోయింది. నీకేం, తినక్కర్లేదుగా!"

మళ్ళీ అదే గొంతు:

"పలకవేం? వేళ్ళు చూడు, ఎంత చల్లగా ఉన్నాయో."

కోడలు బట్టలు అక్కడే పడేసి పరుగెత్తింది. మెట్ల మీద మంచినీళ్ళ గ్లాసుతో మామగారు ఎదురయ్యారు.

"మామగారూ, గదిలో... ఎవరో..."

"ష్! తలుపు తియ్యకు. వెలుతురు తగిలితే బొమ్మలు పాడవుతాయి."

"కడిగేశాక వెలుతురు తగిలినా ఏమీ కాదని మీరేగా చెప్పారు?"

మామగారు దొరికిపోయిన దొంగలా తల గోక్కున్నారు.

"పంపులు బాగుచేసే అతని భార్యమ్మా. అతను ఫొటో అంటే ఆమడ దూరం పారిపోయేవాడు. నేనే బలవంతాన చెయ్యి పట్టి కాగితం మీద పెట్టించాను. అతను పోయాక చూసుకోవడానికి ఆవిడకి అదొక్కటే మిగిలింది."

"ఇంటికి ఇచ్చెయ్యచ్చుగా?"

"ఇస్తానన్నాను. అత్తగారి ఎదుట మొగుణ్ణి తిట్టుకోలేనంది. ఇంకా ఇద్దరు ముగ్గురు వస్తారు. ఎవరి మనిషితో వాళ్ళు మాట్లాడుకుంటారు. మధ్యలో ఎవరూ వెళ్ళకుండా ఆ వెలుతురు మాట చెబుతుంటాను."

తలుపు తెరుచుకుంది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, గ్లాసెడు నీళ్ళూ గటగటా తాగింది. బిక్కమొహం వేసుకుని నిలబడ్డ కోడల్ని చూసి నవ్వింది.

"భయపడ్డావామ్మా? బతికుండగా ఆయన నా మాట ఒక్కరోజైనా పూర్తిగా వినలేదు. ఇప్పుడెక్కడికి పోతాడు? అన్నయ్యగారు గోడకి మేకు కొట్టేశారుగా!"