బ్యూరెట్ తిప్పిన చెయ్యి

మా ముత్తాత సూర్యనారాయణరాజు గారు రోలుగుంట వైపు నాలుగు ఊళ్ళకు శిస్తు వసూలు చేసిన మనిషి. మా తాతగారి ఎదుట కరణాలు కూర్చునేవారు కారు. నేను 2023లో నర్సీపట్నంలోని ఒక ప్రైవేటు కాలేజీలో నిలబడి కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. అందులో నాకు చిన్నతనమేమీ లేదు.

నా దగ్గర రూతు అనే అమ్మాయి పీహెచ్‌డీ చేస్తోంది. గాలిలో అమ్మోనియాను పసిగట్టే సెన్సార్ కోసం జింక్ ఆక్సైడ్ నానోరాడ్స్, అంటే కంటికి ఆనని సన్నని కడ్డీలు, తయారుచేయాలి. అదే పదార్థం ముద్దలుగా వస్తే ఆ పని సరిగా చేయదు. ఆకారమంతా క్షారం కలిపే వేగంలో ఉంటుంది. బ్యూరెట్ గొట్టం నుంచి జింక్ ద్రావణంలోకి చుక్కచుక్కగా పడితే స్ఫటికాలు ఒక దిశలో తీరిగ్గా పెరుగుతాయి. ఒక్కసారిగా పడితే ఎక్కడికక్కడ పుట్టుకొచ్చి ఒకదాన్నొకటి అంటుకుంటాయి. తర్వాత ఆటోక్లేవ్‌లో, అంటే బిగుతు మూత ఉన్న ఉక్కు పాత్రలో, ఎంత వేడి చేసినా ఆ తప్పు పోదు.

ఆ రోజు తనిఖీ కమిటీ వస్తోంది. కాలేజీ యజమాని అయిన కరస్పాండెంట్ ల్యాబ్‌లోకి వచ్చారు.

"ఏటమ్మా, సెలైన్ ఎక్కించినట్టు సుక్కసుక్క పోస్తన్నావు? బేగి కానీ. ఆళ్ళొచ్చేసరికి పౌడర్ సూపించాల."

"బేగి పోస్తే కడ్డీలు రావండి," అంది రూతు.

ఆయన నవ్వి, బ్యూరెట్ మరను తానే పూర్తిగా తిప్పేశారు. నేను పక్క గది నుంచి వచ్చేసరికి గొట్టం ఖాళీ.

తెల్లపొడి వచ్చింది. కమిటీ మెచ్చుకుని వెళ్ళింది. విశాఖలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే అంతా ముద్దలే. కరస్పాండెంట్‌కు చీమ కుట్టినట్టయినా లేదు.

"రెండూ తెలుపే కదండీ రాజుగారూ. నెట్లో కడ్డీల బొమ్మొకటి తీసి థీసిస్‌లో ఎట్టీండి. సంతకం సేసీండి."

"ఆ బొమ్మ నాది కాదండి. రేపు వైవాలో నిలబడేది నేనండి," అంది రూతు. ఏళ్ళ తరబడి ఆ అమ్మాయి చేసిన చదువు ఆ ఒక్క బొమ్మతో దొంగసొత్తు అయ్యేది.

నేను సంతకం పెట్టనన్నాను.

"ఇది మీ తాతగారి దివాణం కాదండి, నా కాలేజీ."

"దివాణమే అయితే, ఆ బ్యూరెట్ తిప్పిన చేత్తోనే మీరు క్షమాపణ రాసిచ్చేవారు."

ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. చదువు చెప్పే చోటును నడిపే మనిషికి నిదానం బద్ధకంలా, దొంగ బొమ్మ తెలివిలా కనబడ్డాయి. క్షారం పడేటప్పుడు చెడిన ఆకారాన్ని తర్వాత ఎవరి హోదా కూడా తిరిగి తెచ్చిపెట్టలేదని ఆ ముద్దలు నాకు నేర్పాయి. మా వంశం హోదా అయినా సరే.

రూతు మళ్ళీ మొదటి నుంచి, చుక్కచుక్కగా పోసింది. ఈసారి తలుపు గడియ నేనే వేశాను. మైక్రోస్కోప్‌కు రెండోసారి ఖర్చు ఇవ్వనని కాలేజీ చెప్పింది. అయినా పంపాం. ఫొటోల్లో కడ్డీలు వచ్చాయి.

ఆ ఖర్చుకు మా తాతగారి పల్లకీ బొంగు చివర్లకు తొడిగిన వెండి పొన్నులు అమ్మాను.