నా మొక్కుబడికి సుగుణ ఆమెన్ చెప్పలేదు

2004 ఏప్రిల్ 16, శుక్రవారం సాయంత్రం. పుంగనూరులో మా ఇంట్లో గృహకూడిక. హాజరైనవారు: పాస్టరు అయ్యగారు, ఆయన భార్య, మదనపల్లె టమోటా మార్కెట్టుకు సరుకు తోలే దావీదప్ప, పక్కింటి రూతమ్మ, నా భార్య సుగుణ, నేను. ఆమెన్ చెప్పనివారు: సుగుణ.

సహోదరులారా, సహోదరీలారా, ఇది ఆనాటి నా డైరీలో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసినది. పడుచుతనం నుంచి కూడికల హాజరు రాసుకుంటూ వస్తున్నాను గాని, ఆమెన్ చెప్పనివారి పేరు రాయవలసి రావడం ఆ ఒక్కసారే.

నేను పట్టుపరిశ్రమ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తాగుడు లేదు, అప్పు లేదు, మంచాన పడేంత జబ్బూ రాలేదు, కనుక నా చీకటి ఏమిటో వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. నాకు కథలు రాయడం ఇష్టం. రాసిన ప్రతిసారీ దొంగతనం చేసినవాడిలా కుమిలిపోయేవాణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా నన్ను పట్టి ఉంచిన కట్టు ఇదే!

మా నాన్న పల్లెలు తిరిగి వాక్యం చెప్పిన మనిషి. "పతి గడియకూ ఆయన ముందర లెక్క సెప్పాలప్పా" అనేవాడు. నేను డైరీ పట్టింది ఆ మాట వినే. ప్రార్థన, ఆఫీసు, సంఘం పని, ఇంటి పని అని ఏ వేళ దేనికి పోయిందో రాసేవాణ్ణి. కథకు పోయిన వేళ ఎదురుగా మాత్రం 'వ్యర్థం' అని రాసేవాణ్ణి. డైరీ రాయడం తప్పనిపించేది కాదు, ఎందుకంటే అది జరిగినది. కథ జరగనిది. జరగనిదానికి దేవుడిచ్చిన గడియను ఖర్చు పెట్టడం ఏమిటని నా లెక్క.

తొంభైలలో మదనపల్లె పట్టుగూళ్ళ మార్కెట్టులో పని. ఉదయం ప్రార్థన ముగించి, ఆఫీసుకు బయలుదేరేలోపు కాసేపు కూర్చుని రాసేవాణ్ణి. గేటు చప్పుడైతే చాలు, కలం మూసి లేచి నిలబడేవాణ్ణి, వచ్చినవారు ఏం చేస్తున్నారని అడిగితే "ఏం లేదు, ఊరికే కూర్చున్నా" అనేవాణ్ణి, నన్ను చూసి చూసి సుగుణ కూడా వాకిట్లో అదే మాట చెప్పడం అలవాటు చేసుకుంది. తర్వాత కుప్పం బదిలీ అయింది. పిల్లల చదువుల కోసం ఇల్లు మదనపల్లెలోనే ఉంచి, స్టేషను దగ్గర ఒక గదిలో ఒంటరిగా ఉన్నాను. అక్కడ అడిగేవారు లేరు, చాలా రాశాను, సంతోషంగా కూడా రాశాను. ఒక ఆదివారం ఆరాధనలో అయ్యగారు ప్రసంగిస్తుంటే, నేను నా కథలో ముసలాయన కూతురికి ఏమని జవాబు చెబుతాడా అని ఆలోచిస్తున్నానని తెలుసుకుని ఉలిక్కిపడ్డాను. దేవుని ఇంట్లో కూర్చుని లేని మనిషి మాటలు వింటున్నానే అనుకున్నాను! ఆ వారం డైరీలో ప్రతి పుటలోనూ 'వ్యర్థం' ఉంది.

ప్రభువు కూడా ఉపమానాలు చెప్పాడు కదా అని నన్ను ఓదార్చినవారున్నారు. ప్రభువెక్కడ, నేనెక్కడ? ఆ మాట చెవి దాటి లోపలికి పోలేదు.

రిటైరై పుంగనూరు వచ్చాక వేళ పెరిగింది, దానితోపాటు భయమూ పెరిగింది, ఎందుకంటే ఇప్పుడు నేను సంఘంలో పెద్దను. 2004లో ఈస్టరుకు ముందటి శ్రమకాలం వచ్చినప్పుడు అందరూ మాంసం మానితే నేను కథలు మానాను. నలభై దినాలు కలం డైరీకి తప్ప ముట్టలేదు. మనసు తేలిక కాలేదు సరికదా, ఇంకా ముడుచుకుపోయింది. ఇక సగం సగం మానడం కాదు, జన్మంతా మానేస్తానని సంఘం ముందు మొక్కుకుందామని నిశ్చయించుకున్నాను. మొక్కుకుని తప్పడం ఎంత భయంకరమో మీకు తెలుసు. పదిమంది ఆమెన్ చెప్పాక నేను వెనక్కి తిరిగే మనిషిని కాను.

ఆ శుక్రవారం ప్రార్థన మనవుల వేళ నా వంతు వచ్చింది. లేచి, "ప్రభువా, కథలు రాసే కోరికను నీ పాదాల దగ్గర విడిచిపెడుతున్నాను, బ్రతికినంత కాలం మళ్ళీ ముట్టను" అని ప్రార్థించాను. అందరూ ఆమెన్ అన్నారు. మా కూడికలో అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పేది సుగుణ. ఆ గొంతు వినబడలేదు. అయ్యగారు కళ్ళు తెరిచి చూశారు.

"ఏమ్మా, పెద్దాయన మొక్కుకుంటే నువ్వు పలకలేదే?"

"నేను ఆమెన్ సెప్పనయ్యగారూ."

రూతమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. అయ్యగారు నవ్వుతూనే, "పెండ్లాం మొక్కుకుంటే మొగుడు కాదనచ్చని మోషే ధర్మశాస్త్రంలో ఉండాది గానీ, మొగుడు మొక్కుకుంటే పెండ్లాం కాదనచ్చని యాడా లేదు గదమ్మా" అన్నారు.

"నేను కాదనలేదు సామీ. ఆమెన్ అనలేదు, అంతే."

దావీదప్ప పకపకా నవ్వాడు. "ఇది మండీ యాపారం కంటే కష్టంగా ఉండాదే!"

సుగుణ నవ్వలేదు. "నలభై దినాలు కతలు మానినాడు ఈయన. దాని బదులు కూడు మానింటే నాకు సుకంగా ఉండేది. మనిషి ఇంట్లో ఉండాడంటే ఉండాడు, లేడంటే లేడు. పులుసు సేస్తే ఉప్పెక్కువంటాడు, మర్నాడు తగ్గిస్తే సప్పగుండాదంటాడు. రాసిన దినం మాత్రం నా మొగం సూసి మాట్లాడతాడు. మొన్న సలికాలంలో నేను నానిన అనపగింజల పొట్టు పితుకుతాంటే పక్కన కూసోని రాసింది సదివి వినిపించినాడు, పితికేది అయిపోయినా నేను లేయలా. అది ఇయ్యమని దేవుడు అడిగినాడా? అడగంది ఎందుకు మొక్కేది?"

ఇరవై ఏళ్ళు నేను వేసిన లెక్కల్లో ఆ ప్రశ్న ఎక్కడా లేదు. దేవునికి ఏం ఇవ్వాలా అని లెక్కపెట్టాను గాని, ఆయన దీన్ని అడిగాడా అని ఒక్కనాడూ అడిగి చూడలేదు!

అయ్యగారు, "ఇంట్లో ఇద్దురే ఏకీభవించలేదంటే ఈ మొక్కుకు నేనెట్ల సాక్షి నిలబడేదప్పా? దీన్ని పక్కన పెడదాం. సుగుణమ్మా, నువ్వే ప్రార్థన సెయ్యి" అన్నారు. సుగుణ పదిమందిలో పైకి ప్రార్థన చేయడం అదే మొదలు. కొంగు తలమీదికి లాక్కుని ఇలా అంది:

"తండ్రీ, ఈ కోరిక నువ్విచ్చింది కాకుంటే నువ్వే తీసేయి. నువ్విచ్చిందే అయితే ఈయన బయాన్ని తీసేయి. ఈయన్ని నిమ్మళంగా కూసోనీ తండ్రీ."

అందరూ ఆమెన్ అన్నారు. నాది రావడానికి కొంచెం ఆలస్యమైంది, కాని వచ్చింది.

సహోదరులారా, నాకు దర్శనం కలగలేదు, స్వరం వినిపించలేదు. కలిగిందని చెబితే అది కథ అవుతుంది గాని సాక్ష్యం కాదు. చెప్పగలిగింది ఇంతే: ఆ ప్రార్థనలో రెండు మనవులున్నాయి, దేవుడు మొదటిది చేయలేదు, రెండోది చేశాడు. కోరిక ఉంది, భయం పోయింది. నా భార్య నోట నన్ను విడిపించిన దేవునికే మహిమ! మీలో ఎవరైనా ఆయన అడగనిదాన్ని ఆయన పేరున గొంతు నులుముతూ ఉంటే, పాట కావచ్చు, కుట్టుపని కావచ్చు, మొక్కుకునే ముందు ఒక్కసారి ఆయన్ను అడిగి చూడండి, మీ ఇంట్లో వారినీ అడగండి. ఆయన కఠినుడైన లెక్కల గుమాస్తా కాడు, తండ్రి. నమ్మి చూడండి.

మరునాడు, శనివారం. ఉదయం ప్రార్థన అయింది. కొళాయి నీళ్ళు వస్తే ఇద్దరం బిందెలకు పట్టుకున్నాం. తర్వాత ముందుగదిలో, తలుపు తీసి ఉండగానే, బల్ల దగ్గర కూర్చుని శ్రమకాలానికి ముందు ఆపిన కథ అందుకున్నాను, కుప్పంలో మొదలై ఇన్నేళ్ళూ పూర్తికాని ఆ ముసలాయన కథే. కాసేపటికి గేటు చప్పుడైంది. దావీదప్ప, చేతిలో టమోటాల సంచి. నా కాళ్ళు అలవాటుగా కదిలాయి.

"సారుండాడా అమ్మా?"

వాకిట్లో సుగుణ గొంతు వినబడింది. "ఉండాడప్పా. రాస్తాండాడు. కొంచేపు కూసో."

"రాయనీలేమ్మా, నాకేం తొందర" అని అతను మెట్టు మీద కూర్చున్నాడు. "ఆ కతలోనన్నా టమోటాకు మంచి రేటు పెట్టమను సారును!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకూ నవ్వు వచ్చింది. ముసలాయన కూతురికి చెప్పవలసిన జవాబు పూర్తయ్యేదాకా నేను లేవలేదు.