కేకు మీది వేలిముద్ర నాదే

రెంటచింతలలో కొడుకు, కోడలు, ఆరు కోళ్లతో కాపురముంటున్న శౌరమ్మ అనే నేను, డెబ్బై ఏళ్లు దాటినదాన్ని, ఈ సాయంత్రం చెప్పి రాయిస్తున్నాను.

ప్రతి క్రిస్మస్‌కూ ఫాదర్‌గారి బంగళాకు ముందు వెళ్లేది నా అరిసెల పళ్లెమే. ఈసారి పక్కింటి కొత్త కోడలు లూర్దు మేరి కేకు చేసింది. ఇసుక పోసి దాన్ని కాల్చిన మూకుడు నాది. గుడ్లు నా కోళ్లవి. ఆ పిల్ల తెల్లసొనలో చక్కెర పొడి వేసి గిలక్కొట్టి, కాగితం పొట్లంతో కేకు మీద గులాబీలు వేసింది. వీధంతా వచ్చి చూసింది. నా అరిసెల వైపు ఒక్కరూ తల తిప్పలేదు. నాకు కడుపు రగిలిపోయింది. అందరూ బయటికి పోగానే ఆ తెల్లటి పూత నడిమధ్య బొటనవేలు గట్టిగా నొక్కాను.

పిల్ల చూసి లబోదిబోమంది. "ఎవురే ఈ పని చేసింది?" అని దాని అత్త ఇన్నమ్మ కేకలేసింది.

"నేనే. మూకుడు నాది, గుడ్లు నాయి. కాయితం మీద ఏలిముద్ర ఏస్తే చెల్లుద్ది గదా, దీని మీద చెల్లదా ఏంది?" అన్నాను.

ఏడుస్తున్న పిల్ల ఫక్కున నవ్వింది. "సరే అమ్మమ్మా, చెరపన్లే. ఫాదర్‌గారు అడిగితే నీ సంతకమని చెప్తా," అంటూ ఆ గుంట చుట్టూ చిన్న పూలు కూడా వేసింది.

అదే నాకు ఇంకా మంట. పోట్లాడినా బాగుండేది. నా అరిసెలు ఆ కేకు వెనకే బంగళాకు వెళ్లాయి. తప్పెవరిదో చదివినవాళ్లే చెప్పండి. వేలు నాకి చూశాను, చానా బాగుంది. ఆ మాట మాత్రం దానికి చెప్పొద్దు.

శౌరమ్మ వేలిముద్ర ఇది. కేకు మీద ఉన్నదీ ఈ వేలిదే.
చూసినవారు: పక్కింటి ఇన్నమ్మ, నా కోడలు రాయమ్మ.