విమానం కూలిన పొలంలో మా ఫిట్టర్ తాత

మొన్న పొద్దున నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడితే, ఫిట్టర్ తాత పోయాడన్నారు. నేను నమ్మలేదు. ఏదైనా ఒక్క మాటకు నమ్మే అలవాటు నాకు లేదు. పాలాయన గిన్నెలో పోస్తుండగానే నీళ్లెన్ని కలిపావని అడిగే మనిషిని. బిందె అక్కడే వదిలేసి వెళ్లి చూశాను. నిజమే.

గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ ఆయనది. బొగ్గు గని వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. చాయ్ సాసర్‌లో పోసుకుని, ఊదకుండా, చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చునేవాడు. జల్ది చేస్తే చాయ్‌కి కోపమొస్తుందనేవాడు. ఆయన పక్కింట్లో ఉన్నన్నాళ్లూ నా అనుమానాలకు అలుపు లేదు, ఆయన ఓపికకూ లేదు.

ఆయన చెప్పే ఒక కథ మాత్రం నాకు అసలు మింగుడుపడేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పని నేర్చుకోవడానికి తనను ఓడెక్కించి ఇంగ్లండు పంపారట. అక్కడ ఒక పల్లె పక్కన జర్మనీవాళ్ల బాంబుల విమానం కూలిందట. పొద్దున కార్ఖానాకు పోతూ చూశాడు. చేను కాలిపోయి ఉంది. రెక్క ఒకటి కంచె మీద పడి ఉంది. ఊరు ఊరంతా దూరంగా నిలబడింది. దగ్గరికి పోతే పేలుతుందని భయం, బతికినవాడెవడో పొదల్లో దాక్కున్నాడని అనుమానం. విమానం దున్నేసిన మట్టిలో శత్రు సైనికుడొకడు చచ్చి పడి ఉన్నాడు. తాత పోయి ఆ శవం పక్కన కూర్చున్నాడు.

మా దగ్గర బాయిలో, అంటే బొగ్గు గనిలో, మనిషి పోతే శవాన్ని ఒంటరిగా వదలరు. ఇంటివాళ్లు వచ్చేదాకా తోటివాడొకడు పక్కన కూర్చోవాల్సిందే. పోయినవాడితో మాటల్లేకపోయినా, పగ ఉన్నా సరే. తాతకు తెలిసింది అదే. అక్కడివాళ్లకేం తెలుసు? నల్లటివాడు, పరాయివాడు, శత్రువు పక్కన ఎందుకు కూర్చున్నట్టు? పోలీసులు తీసుకుపోయి, నువ్వెవరి మనిషివని సాయంత్రం దాకా అడిగారట.

అబద్ధమైనా అతికినట్టుండాలని ఒకసారి మొహం మీదే అనేశాను. ఆయన కోపగించుకోలేదు.

"నమ్మకు బిడ్డా," అన్నాడు. "నమ్మనోళ్లు నాకు కొత్తగాదు."

తొంభైల్లో నక్సలైట్లకూ పోలీసులకూ నడుమ మా దగ్గర కాలం బాగా లేదు. కొత్త మనిషి గల్లీలోకి వస్తే తలుపులు పడేవి. పక్కింటివాళ్లు ఉప్పు అడిగినా, ఎందుకడిగారా అని ఆలోచించేవాళ్లం. అప్పుడే ఒకరోజు, అడవి దిక్కు పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఒక పిల్లగాణ్ణి దవాఖానకు తెచ్చారు. పేరు తెలియదు. పొద్దుగూకేలోగా ఎవరూ రాకపోతే దిక్కులేని శవమని పూడ్చేస్తారన్నారు. గేటు బయట జనం గుమిగూడారు. నేనూ ఉన్నాను. ఎవరూ లోపలికి అడుగు వేయలేదు. వేసినవాడి మీద పోలీసుల కన్ను పడుతుందని అందరికీ తెలుసు.

తాత వెళ్లాడు. వరండాలో శవం పక్కన నేల మీద కూర్చున్నాడు. ముసలాయనను ఇవాళ తీసుకుపోతారు, మళ్లీ పంపుతారో లేదో అనుకున్నాను. ఆ కూర్చున్న తీరు చూస్తే ఇంగ్లండు కథ అబద్ధం కాదని కూడా అప్పుడే అర్థమైంది. అలా కూర్చోవడం ఆయనకు మొదటిసారి కాదు.

ఎస్సై వచ్చి, వీడు నీకేమైతడని అడిగాడు.

"ఏం కాడు సార్."

"మరెందుకు కూసున్నవ్?"

"ఒక్కడే ఉన్నడు సార్. మా బాయిల గట్ల ఉంచరు."

ఎస్సై నమ్మలేదు. నాకు ఆశ్చర్యం కలగలేదు, అన్నేళ్లు నేనే నమ్మలేదు. లేవమన్నాడు. తాత లేవలేదు. కానిస్టేబుల్ ఆయన జబ్బ పట్టుకుని గుంజాడు.

అప్పుడు నా వెనక నుంచి ఒకామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పొద్దుటి నుంచీ మాతోనే నిలబడి ఉంది. ఎవరైనా అడిగితే జ్వరం గోలీల కోసం వచ్చానని చెప్పింది. మఫ్టీలో ఉన్న పోలీసేమోనని నేను ఆమె వైపు కూడా ఒక కన్నేసి ఉంచాను. ఆమె గేటు దాటి తిన్నగా వరండా దాకా నడిచింది.

"ఆ తాతను ఇడిసిపెట్టుండ్రి సారూ," అన్నది. "వాడు నా కొడుకు."

కానిస్టేబుల్ చేయి వదిలాడు. తాత నేల మీద చేయి ఆనించి లేచాడు. భుజం మీది తువ్వాలతో తాను కూర్చున్న చోట దుమ్ము దులిపి, ఆమె కూర్చోవడానికి పక్కకు జరిగాడు.